ఎవరు ముక్కు ముట్టుకున్నా నా వల్లే అనిపించేది

ముందే చెప్పేస్తున్నా, నాకు నోటి దుర్వాసన లేదని డెంటిస్టులు అన్నారు, మా ఆయన అన్నాడు, మా అమ్మైతే ఒట్టేసి మరీ చెప్పింది. నాకు మాత్రం ఇప్పటికీ పక్కాగా తెలీదు. తెలీకుండానే ఉద్యోగం చేసుకుంటున్నా, బస్సులో పక్కసీటావిడతో కూరగాయల రేట్లు మాట్లాడుతున్నా, పెళ్ళిళ్ళకి వెళ్ళి గ్రూప్ ఫొటోలో మధ్యలో నిలబడుతున్నా. ఇంతకుముందు కొన్నేళ్ళపాటు నా బతుకంతా ఆ ఒక్క విషయం తేల్చుకోడానికే సరిపోయింది, వాసన ఉందా లేదా, ఉందా లేదా. సీబీటీలో, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మానసిక చికిత్సలో, నాకు నేర్పింది వాసన లేదని నమ్మమని కాదు, తేల్చుకోవడం ఆపమని. ఈ తేడా అర్థమవడానికే నాకు చాలా టైం పట్టింది కాబట్టి రాస్తున్నా.

మొదలైంది ఆఫీసులోనే. వైజాగ్ లో సిరిపురం వైపు ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిమ్స్ డెస్క్ నాది, రోజంతా ఎదురుగా కస్టమర్లు కూర్చుంటారు, అందరికీ ఏదో ఒక బాధ ఉంటది, టేబుల్ మీదకి వంగి మెల్లగా చెప్తారు, మనమూ వంగి వినాలి. ఒకరోజు లంచ్ అయ్యాక మా సీనియర్ ఒకాయన మింట్ డబ్బా తీసి అందరికీ తలా ఒకటి పంచాడు. నాకూ ఇచ్చాడు, "తీసుకోమ్మా" అన్నాడు. అంతే. కానీ నాకిచ్చేటప్పుడు కొంచెం నవ్వాడు అనిపించింది. ఆ నవ్వు పట్టుకుని ఇంటికెళ్ళాను, రాత్రంతా దాన్నే తిప్పి తిప్పి చూశాను. మర్నాడు ఒక కస్టమర్ నేను మాట్లాడుతుండగా ముక్కు గోక్కున్నాడు. ఇంక చూస్కోండి, ఆ రోజు నించి నాకు ప్రపంచంలో ముక్కులు తప్ప ఏమీ కనపడలేదు. ఎవరు తుమ్మినా, ఎవరు కర్చీఫ్ తీసినా, కుర్చీ కొంచెం వెనక్కి జరిపినా, కిటికీ తెరిచినా, ఫ్యాన్ స్పీడ్ పెంచినా, అన్నీ నా నోటి గురించే.

ఆ తర్వాత నా పద్ధతులు ఎలా ఉండేవో చెప్తా, ఎవరికైనా ఇవి చదివి "అరె నేనూ ఇంతే" అనిపించొచ్చు. పొద్దున్నే బ్రష్, తర్వాత రాగి టంగ్ క్లీనర్ తో నాలిక గీకడం, అది కూడా వెనక్కంటా, వాంతొచ్చేదాకా, ఒక్కోసారి రక్తం వచ్చేది. తర్వాత మౌత్ వాష్. బ్యాగులో లవంగాలు, ఏలక్కాయలు, సోంపు పొట్లం, చూయింగ్ గమ్, స్ప్రే, చిన్న బ్రష్. మా అమ్మ ఒకసారి "ఏటే, ఇంట్లో ఏలక్కాయలన్నీ ఏటైపోతన్నాయి, పాయసానికి ఒక్కటి లేదు" అని డబ్బాలన్నీ వెతికింది, నేను మాట్లాడలేదు. ఆఫీసులో ప్రతి కస్టమర్ కీ కస్టమర్ కీ మధ్య బాత్రూంకి వెళ్ళి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఊది వాసన చూసుకోవడం, మణికట్టు నాకి ఆరాక వాసన చూడడం. ఈ మణికట్టు టెస్టు యూట్యూబ్ లో తెగ చెప్తారు, ఆరిన ఉమ్మి ఎవరిదైనా కంపే కొడుతుంది, దాన్ని పట్టుకుని ఏం తేలుస్తాం. షేర్ ఆటోలో ఎప్పుడూ చివర కూర్చుని మొహం బయటికి పెట్టేదాన్ని, డ్రైవర్ తో మాట్లాడాల్సొస్తే ఊపిరి బిగపట్టి "సిరిపురం" అనేదాన్ని.

అన్నిటికన్నా నాకే ఆశ్చర్యం వేసేది బీచ్ దగ్గర నేను వేసిన లెక్కలు. ఆర్కే బీచ్ లో సాయంత్రం గోడ మీద కూర్చుంటాం కదా, గాలి సముద్రం వైపు నించి రోడ్డు వైపుకి కొడుతుంది. నా ఫ్రెండ్ ని ఎప్పుడూ సముద్రం వైపు కూర్చోబెట్టి నేను రోడ్డు వైపు కూర్చునేదాన్ని, నా మాట గాలికి దానివైపు పోకుండా. అది పాపం "నీకు సముద్రం చూడ్డం ఇష్టం లేదేటే" అనేది. గాలి మారితే లేచి ఇంకోచోటికి మారేదాన్ని. వైజాగ్ లో పుట్టి పెరిగి గాలి దిక్కు ఇంత జాగ్రత్తగా చూసేది జాలరోళ్ళు, వాళ్ళ తర్వాత నేనే.

కోవిడ్ లో మాస్కులొచ్చాక అందరూ ఊపిరాడట్లేదని గోల పెడితే నాకు మాత్రం పండగలా ఉండేది. మాస్క్ వెనక ఎంతైనా మాట్లాడొచ్చు. మళ్ళీ అందరూ తీసేశాక నేను తియ్యలేదు, అలర్జీ అని చెప్పేదాన్ని. అప్పటికి బాగా ముదిరిపోయింది, మాస్కులోపల నా ఊపిరే నాకు తగులుతుంటే అదొక కొత్త టెస్టింగ్ మెషిన్ అయిపోయింది.

డాక్టర్లు. డెంటిస్ట్ దగ్గర క్లీనింగ్ చేయించా, ఏమీ లేదన్నారు, ఇంకో డెంటిస్ట్. ఈఎన్టీ చూసి టాన్సిల్స్ బావున్నాయన్నాడు, గ్యాస్ డాక్టర్ దగ్గర ఎండోస్కోపీ కూడా చేయించుకున్నా, అక్కర్లేదని ఆయన మొత్తుకున్నా వినకుండా. ఒక డెంటిస్ట్ అయితే నవ్వి "మీకు అనుమానం జబ్బమ్మా, ఇంటికెళ్ళి పడుకోండి" అన్నాడు, ఆ మాటకి నేను మెట్లు దిగేలోపే ఇంకో డాక్టర్ నంబర్ వెతుక్కున్నా. ఆయన చెప్పింది తప్పు కాకపోవచ్చు, కానీ అలా చెప్తే ఎవరికీ తగ్గదు, "ఈయన సరిగ్గా చూడలేదు" అన్న డౌట్ ఒకటి ఎక్స్ ట్రా వస్తుంది.

చివరికి ఒకావిడ సరిగ్గా చూసింది. ముందురోజు నించి వెల్లుల్లి, ఉల్లి తినొద్దు, పొద్దున్న సెంటు కొట్టుకోవద్దు, మౌత్ వాష్ వాడొద్దు, గమ్ నమలొద్దు అని చెప్పి, కూర్చోబెట్టి, నోరు కాసేపు మూయించి, తర్వాత నన్ను మెల్లగా ఊదమని ఆవిడే తన ముక్కుతో చూసింది. దీనికి 0 నించి 5 దాకా స్కేలుంటుందంట, 0 అంటే ఏమీ లేదు, 5 అంటే భరించలేనంత. గంధకం గ్యాసుల్ని కొలిచే మీటర్లు కూడా ఉన్నాయి గానీ ఇప్పటికీ మనిషి ముక్కునే ఎక్కువ నమ్ముతారంట. అప్పుడే వివరంగా చెప్పింది, నోటి వాసన చాలామందిలో పొట్టలోంచి రాదు, నోట్లోంచే వస్తుంది, నాలిక వెనక భాగంలో పాచి, చిగుళ్ళ సందులు, అక్కడ బాక్టీరియా ప్రొటీన్లని విరగ్గొట్టి హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ లాంటి గ్యాసులు వదుల్తాయి. రాత్రి ఉమ్మి తక్కువ ఊరుతుంది కాబట్టి పొద్దున్నే అందరికీ ఉంటుంది, కలెక్టర్ గారికైనా ఉంటుంది. టెన్షన్లో కూడా నోరెండుతుంది. "మీరు రోజంతా భయపడి నోరు ఎండబెట్టుకుని, ఆ ఎండిన రుచిని వాసన అనుకుంటున్నారేమో" అంది. ఇదంతా చెప్పి నాకు 0 వేసి, ఒక చీటీ రాసిచ్చింది. సైకియాట్రిస్ట్ కి.

చాలా కోపం వచ్చింది. వైజాగ్ లో చినవాల్తేరు అంటే ఏంటో అందరికీ తెలుసు కదా, అక్కడ గవర్నమెంట్ మెంటల్ హాస్పిటల్ ఉంది, మా వీధిలో చిన్నప్పట్నించీ ఎవర్నేడిపించాలన్నా "నిన్ను చినవాల్తేరు పంపించేస్తాం" అనేవాళ్ళు. ఆ చీటీ చాలా రోజులు పర్సులోనే మడతపెట్టి ఉంది. చివరికి మా ఆయనే అపాయింట్మెంట్ తీసుకున్నాడు, వేరే చోట, ప్రైవేట్ క్లినిక్ లో.

అక్కడ తెలిసింది దీనికో పేరుందని. డెంటిస్టులు హాలిటోఫోబియా అంటారు. 1999లో జపాన్ లో మియజాకి అనే ఆయనా, ఆయనతోవాళ్ళూ నోటి వాసన కంప్లయింట్ తో వచ్చేవాళ్ళని మూడు రకాలుగా విడదీశారు, నిజంగా వాసనున్నవాళ్ళు, లేకపోయినా ఉందనుకుని డాక్టర్ వివరంగా చెప్తే సమాధానపడేవాళ్ళు, ఎంత చెప్పినా సమాధానపడనివాళ్ళు. మూడోది నేను. సైకియాట్రీలో అయితే ఒక్క నోరే కాదు, చెమట, ఒళ్ళు, ఏ వాసన గురించైనా ఇలా పట్టుకుంటే ఆల్ఫాక్టరీ రిఫరెన్స్ డిజార్డర్ అంటారు, 1971లో ప్రైస్-ఫిలిప్స్ అనే డాక్టర్ దీనికి సిండ్రోమ్ అని పేరు పెట్టి రాశాడు. 2022 నించి అమల్లోకొచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల లిస్టు, ఐసీడీ-11లో, ఇది ఓసీడీ (ఒకే ఆలోచన వదలకుండా పట్టుకుని, ఒకే పని పదే పదే చేయించే జబ్బు) కుటుంబంలో విడిగా ఉంది. జపాన్ లో దీన్ని జికోషు క్యోఫు అంటారంట, అక్కడ చాలా కాలం నించీ తెలిసిన జబ్బే. ఇవన్నీ విని నాకు వింతగా ఏడుపొచ్చింది, ఇన్నాళ్ళూ ఇది నా ఒక్కదాని దరిద్రం అనుకున్నా మరి.

ఇక్కడ చిన్న కోపం కక్కేస్తా. ఈ భయం మనంతట మనకే పుట్టిందా అంటే పూర్తిగా కాదు. లిస్టరిన్ అనేది 1879లో ఆపరేషన్లప్పుడు వాడే క్రిములు చంపే మందుగా తయారైంది, 1920ల్లో అమెరికాలో దాన్ని నోటి వాసనకి అమ్మడం మొదలెట్టారు, పెళ్ళి కాని అమ్మాయి బొమ్మేసి పాపం ఈమెకెందుకు సంబంధం కుదరట్లేదో ఈమెకే తెలీదు అన్న టైపు యాడ్స్ తో. మీకు వాసనొస్తుంది, కానీ మీ ఫ్రెండ్స్ కూడా మీకు చెప్పరు, ఇదీ లైను. చూడండి ఎంత తెలివైన లైనో, ఎవరూ చెప్పకపోవడమే సాక్ష్యం అయిపోయింది. వందేళ్ళ తర్వాత నా బుర్రలో తిరిగింది అక్షరం పొల్లుపోకుండా అదే.

సరే, ట్రీట్మెంట్. సైకియాట్రిస్ట్ ఒక ఎస్ఎస్ఆర్ఐ టాబ్లెట్ (డిప్రెషన్ కీ, ఆందోళనకీ, ఓసీడీకీ ఇచ్చే రకం మందు) మొదలెట్టి సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. టాబ్లెట్ అందరికీ అక్కర్లేదు, అది వాళ్ళూ మీరూ తేల్చుకోవాల్సింది. ఈ జబ్బు మీద ప్రత్యేకంగా పెద్ద పెద్ద స్టడీలు తక్కువే అని సైకాలజిస్ట్ మేడం మొదట్లోనే చెప్పేశారు, ఓసీడీకీ, సోషల్ యాంగ్జయిటీకీ పనిచేసే సీబీటీనే దీనికి తగ్గట్టు మార్చి వాడతారంట. అలా నిజం చెప్పినందుకే నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

నేను వెళ్ళీ వెళ్ళగానే నా రిపోర్టుల ఫైలు టేబుల్ మీద పెట్టి అన్నీ చెప్పా. ఆవిడ ఫైలు తెరవలేదు. "వాసనుందా లేదా అని మనం ఇక్కడ వాదించుకోం, మీరు గెలిచినా నేను గెలిచినా మీకు లాభం లేదు" అన్నారు. ఒక తెల్లకాగితం తీసి గుండ్రంగా బాణాలు గీశారు. కస్టమర్ ముక్కు ముట్టుకున్నాడు, "నా వల్లే" అన్న ఆలోచన, గుండె దడ, బాత్రూంకి పరుగు, ఊది చూసుకోవడం, ఏలక్కాయ, కాసేపు హమ్మయ్య, మళ్ళీ ఇంకో ముక్కు. ఆ "హమ్మయ్య" దగ్గర పెన్నుతో గట్టిగా చుట్టారు. దురదున్నచోట గోకితే ఎంత హాయిగా ఉంటుందో, అంత ఎక్కువ పుండవుతుంది, ఇదీ అంతేనన్నారు. ఏలక్కాయ వేసుకున్నాక ఎవరూ ఏమీ అనలేదు కదా, బుర్ర ఏమనుకుంటుందంటే ఏలక్కాయ కాపాడింది అనుకుంటుంది, అసలు ప్రమాదమే లేదేమో అని చూసే ఛాన్సే దానికి రాదు. నేను జాగ్రత్తలనుకున్నవన్నీ ఆ చక్రంలో ఉన్నాయి, గమ్, కర్చీఫ్, మాస్క్, బీచ్ లో గాలి లెక్క కూడా.

మొదటి హోంవర్కు ముక్కులు చూడ్డం. ఆర్టీసీ కాంప్లెక్స్ లో బెంచీ మీద ఊరికే కూర్చుని, నాతో ఏ సంబంధం లేకుండా ఎంతమంది ముక్కు ముట్టుకుంటున్నారో నోట్ బుక్ లో గీతలు పెట్టమన్నారు. వెళ్ళేముందు మీ అంచనా రాయండి అంటే, అరగంటకి ఇద్దరో ముగ్గురో అని రాశా. అబ్బా, ఆ శ్రీకాకుళం బస్సు దగ్గర నిలబడ్డ ఒక్క మనిషే ఫోన్లో మాట్లాడుతూ ముక్కు నలుపుకోవడం, పైకి తోసుకోవడం, వేలు పెట్టడం, అన్నీ చేశాడు. కండక్టరు, టీ అమ్మేవాడు, ఒడిలో పిల్లాడున్న ఆవిడ, ఆ పిల్లాడు. పేజీ సగం గీతలే. మనుషులు ముక్కుని ఇంతలా ముట్టుకుంటారని నేనెప్పుడూ గమనించలేదు, ఎందుకంటే నేను మాట్లాడేటప్పుడు ముట్టుకునేవాళ్ళనే చూసేదాన్ని. తర్వాత సెషన్లో ఒక గుండ్రం గీసి, మనిషి ముక్కు ముట్టుకోడానికి ఎన్ని కారణాలుండొచ్చో ముక్కలు చెయ్యమన్నారు, నా నోటిని ఆఖర్న పెట్టమన్నారు. జలుబు, ఏసీ, అలవాటు, కళ్ళజోడు జారడం, మీసం దురద, మా ఊరికి స్పెషల్ గా పోర్టు బొగ్గు దుమ్ము. కాన్వెంట్ జంక్షన్ మీదుగా బండి మీద వచ్చినవాడు ముక్కు తుడుచుకోకుండా ఉంటాడా. ఫిషింగ్ హార్బర్ వైపు నించి వచ్చే మా కస్టమర్ ఒకాయన ఆయనే ముందు సారీ చెప్తాడు, "చేపల వాసనమ్మా, ఏమనుకోకండి" అని. అన్నీ పోగా నా నోటికి మిగిలిన ముక్క సన్నగా ఉంది. పూర్తిగా లేకుండా పోలేదు, ఆవిడ చెరపమనీ అనలేదు.

మా ఆయన్ని కూడా ఒకరోజు తీసుకురమ్మన్నారు. నేను రోజూ రాత్రి, బయటికెళ్ళేముందు, వచ్చాక, "స్మెల్ వస్తోందా, నిజం చెప్పు" అని అడిగేదాన్ని, దగ్గరికొచ్చి ఊది మరీ. పాపం అతను "లేదు" అంటే "సరిగ్గా చూడకుండా చెప్తున్నావ్" అని గొడవ, ఆలోచించి చెప్తే "అంత ఆలోచించావంటే ఉందన్నమాట" అని గొడవ. మేడం అతనితో ఇంకమీదట ఉందనీ చెప్పొద్దు, లేదనీ చెప్పొద్దు అన్నారు. ఇంట్లోవాళ్ళు ప్రేమతో చెప్పే ఆ "లేదు" కూడా ఏలక్కాయ లాంటి పనే చేస్తుందంట. అతనేం తక్కువ తిన్లేదు, మర్నాడు నేను అడగ్గానే "దీనికి నేను ఆన్సర్ చెయ్యకూడదని మేడం ఆర్డర్, పప్పులో ఉప్పు సరిపోయిందా అడుగు, చెప్తా" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఆ వారం ఇంట్లో నరకమే, నేను ఏడవడం, అతను గది బయట తిరగడం, మా అత్తయ్యగారు "ఏంటర్రా మీ గోల, ఒక్క మాట చెప్తే పోయేదానికి" అనడం. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడం మాత్రం మా వల్ల కాలేదు, ఇప్పటికీ అది డాక్టర్ పిచ్చి అనే ఆవిడ అభిప్రాయం.

తర్వాత మెట్లు. భయం పుట్టించే పనులన్నీ రాసి ఒక్కోదానికి 0 నించి 100 మధ్య మార్కులెయ్యాలి, కింద నించి ఎక్కాలి. గమ్ లేకుండా సెక్యూరిటీ అతనితో గుడ్ మార్నింగ్ చెప్పడం కింద మెట్టు, మధ్యలో మాస్క్ లేకుండా కస్టమర్ కి ఫారం నింపడం, లిఫ్ట్ లో మాట్లాడడం, పైన ఎక్కడో దగ్గరగా వంగి ఎవరి చెవిలోనైనా ఏదైనా చెప్పడం, అన్నిటికన్నా పైన ఉల్లిపాయ తిని మాట్లాడడం. ప్రతిదానికీ ముందు కాగితం మీద రాయాలి, ఏం జరుగుతుందనుకుంటున్నా, దాన్ని ఎంత నమ్ముతున్నా. చేశాక ఏం జరిగిందో రాయాలి, నాకేం అనిపించిందో కాదు, కళ్ళకి కనపడింది. "అతను అసహ్యించుకున్నాడు" అని రాస్తే మేడం కొట్టేసేవారు, "అతను గడియారం చూశాడు" అని రాయాలి. పని చేశాక బాత్రూంకి వెళ్ళి ఊది చూసుకోకూడదు, అసలు మందు అదే. 1966లో లండన్ లో విక్టర్ మేయర్ అనే ఆయన చేతులు పదే పదే కడుక్కునే పేషెంట్లతో ఇలాంటిదే మొదలెట్టాడంట, మురికి ముట్టుకోనిచ్చి కడుక్కోనివ్వకుండా ఆపడం. వినడానికి శిక్షలా ఉంది కదా. నిజం చెప్పాలంటే మొదట్లో శిక్షే. దడ పెరుగుతుంది, పెరుగుతుంది, ఇంక చచ్చిపోతానేమో అనిపిస్తుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యకుండానే దానంతట అది దిగుతుంది. మొదటిసారి అలా దిగినప్పుడు నా ముందున్న కస్టమర్ ఆయన భార్య ఆపరేషన్ గురించి చెప్తున్నాడు, నేను నిజంగా విన్నానని అప్పుడర్థమైంది. అంతకుముందు నేను కస్టమర్ల మాటలు వినేదాన్నే కాదు, వాళ్ళ మొహాలు స్కాన్ చేసేదాన్ని.

ఈ వినడం కూడా ట్రీట్మెంట్లో భాగమే. దృష్టంతా మన నోటి మీద, నాలిక మీద రుచి మీద, ఊపిరి మీద పెట్టుకుంటే ఏదో ఒకటి తగుల్తూనే ఉంటుంది. బయటికి తిప్పడం ప్రాక్టీస్ చేయించారు, ఎదుటివాళ్ళ చొక్కా రంగేంటి, వాళ్ళు చెప్పిన ఊరి పేరేంటి, తర్వాత అడుగుతా అనేవారు. పిల్లలాట అనిపించింది గానీ, భయం వచ్చినప్పుడు చేతిలో చెయ్యడానికి ఏదో ఒక పని ఉండడం చాలా నయం.

ఇక ఉల్లిపాయ. మా ఊళ్ళో ఆ పరీక్షకి వేరే హాల్ ఎందుకు, బీచ్ లో ముంత మసాలా, మురీ మిక్చర్ బళ్ళు ఉండగా. మరమరాలు, పల్లీలు, టమాటా, నిమ్మకాయ, అందులో సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, నేను ఏళ్ళ తరబడి "ఉల్లిపాయ వద్దు" అని చెప్పి తిన్నదే. ఆ సాయంత్రం బండి అతను అలవాటుగా "ఉల్లిపాయ లేకుండానా అమ్మా" అన్నాడు. "ఎక్కువెయ్యి" అన్నా. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మొత్తం తిన్నా, నీళ్ళు తాగలేదు, పుక్కిలించలేదు, రూల్ అది. ముందుగా ఎవరికీ "ఉల్లిపాయ తిన్నా" అని చెప్పుకోకూడదు, అది కూడా రూలే, ఎందుకంటే అలా చెప్పేస్తే సేఫ్ అయిపోతాం. షేర్ ఆటో ఎక్కి మధ్యలో కూర్చున్నా. పక్కన ఒక పెద్దావిడ కూరగాయల సంచితో, ఎంవీపీ రైతు బజార్ నించి కాబోలు. ఆవిడ వైపు తిరిగి "మునక్కాడలు ఎలా ఇచ్చారండీ" అన్నా. ఆవిడ రేటు చెప్పి, అంతటితో ఆగకుండా కోడలు మునక్కాడలు వండడం రాదని, కొడుకు వేరు పడ్డాడని, మద్దిలపాలెం వచ్చేదాకా చెప్తూనే ఉంది, నా మొహంలో మొహం పెట్టి. ఆవిడ నోట్లో కిళ్ళీ వాసన గుప్పుమంటోంది. అది నాకు వచ్చింది, నాకేం కాలేదు, ఆవిడ మీద నాకేం అసహ్యం కలగలేదు. ఇంటికొచ్చి ఆ కాగితం మీద ఇదే రాశా.

మేడం దానికంత మురిసిపోలేదు. "ఎవరైనా నిజంగా అంటే?" అన్నారు. అదీ వచ్చింది తర్వాత. మా వదిన గాజువాక నించి వచ్చింది, నేను మిక్చర్ తినొచ్చి వంటింట్లో ఆవిడ పక్కన నిలబడి ఏదో చెప్తుంటే, "అబ్బ, ఉల్లిపాయ తిన్నావేటి, గుప్పుమంటోంది" అంది. కొన్నేళ్ళుగా నేను భయపడ్డ మాట, అచ్చంగా అదే, నా మొహమ్మీద. చేతులు చల్లబడ్డాయి. "ఆ, మిక్చర్ తిన్నా వదినా" అన్నా. "నాకు తేలేదే మరి" అని అలిగి, ఆ తర్వాత చింతపండు ఎక్కడుందని అడిగింది. అంతే జరిగింది. నేను ఆ రాత్రి నిద్ర పోలేదు, నిజమే, కానీ బ్రష్ చేసుకోడానికి లేవలేదు.

ఇప్పుడు అంతా పోయిందా అంటే లేదు. జలుబు చేసినప్పుడు, నిద్ర తక్కువైనప్పుడు ఆ ఆలోచన వస్తుంది, చెయ్యి మూతి దగ్గరికి వెళ్తుంది. వెళ్తే వెళ్ళనిస్తా, దించేస్తా. రోజుకి రెండుసార్లు బ్రష్, ఒకసారి మెత్తగా నాలిక, అందరూ చేసేదే, అంతకు మించి లేదు. బ్యాగులో ఏలక్కాయల్లేవు. మొన్న సంక్రాంతికి అమ్మ డబ్బా నిండా ఉన్నవి చూసి అనుమానంగా నా వైపు చూసింది.

మీకో మీ ఇంట్లోవాళ్ళకో ఇలా ఉంటే, ముందు ఒక్కసారి మంచి డెంటిస్ట్ కి చూపించండి, ఒక్కసారే. చిగుళ్ళ జబ్బు, పుచ్చు పళ్ళు, సైనస్, షుగర్ లాంటివి నిజంగా ఉంటే వాటికి మందుంది. ఏమీ లేదని తేలాక కూడా నాలుగో డాక్టర్ ని వెతుకుతున్నారంటే అప్పుడు సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్. వెళ్ళినప్పుడు సీబీటీ చేస్తారా, ఎక్స్ పోజర్ (నేను ఎక్కిన మెట్లలాగా భయాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం) చేయిస్తారా అని మొహమాటం లేకుండా అడగండి, ఊరికే ధైర్యం చెప్పి పంపేస్తే ఈ జబ్బుకి చాలదు. ఎక్కడ మొదలెట్టాలో తెలీకపోతే 14416, టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, ఫ్రీ, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ భయంతో చచ్చిపోవాలనిపించేదాకా వెళ్ళేవాళ్ళున్నారు, చిన్న విషయం అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

నాకు ఆరు నెలలకోసారి క్లీనింగ్ కి పర్మిషన్ ఉంది, అందరికీ ఉన్నట్టే. డెంటిస్ట్ ని పళ్ళ గురించి ఏమైనా అడగొచ్చు, వాసన గురించి ఒక్క ప్రశ్న కూడా అడక్కూడదు. వచ్చే నెల ఉంది అపాయింట్మెంట్. మా ఆయన పనుంది అని చెప్పి తోడొస్తానంటున్నాడు, పనేం లేదు, నేను అడుగుతానేమోనని కాపలా.